పాత కుట్టు మిషన్ స్టాండ్ టేబుల్: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

కింద పోత ఇనుము కాళ్లు, మధ్యలో జల్లెడలాంటి పెడల్, పక్కన పెద్ద చక్రం, పైన చెక్క పలక. కేఫుల్లో కనిపించే ఈ టేబుల్ ఇప్పుడు మామూలు ఫ్లాట్లలోకీ వచ్చేసింది. ముందే తేల్చి చెప్పాలంటే, చదువుకునే బల్లగానూ, గోడకు ఆనించి పెట్టుకునే సన్న బల్లగానూ దీనికి సాటి లేదు. వాష్ బేసిన్ కింద పెడితే బాగుంటుంది గానీ చాకిరీ ఎక్కువ. డైనింగ్ టేబుల్‌గా మాత్రం దండగ.

బజార్లో ఇది మూడు రకాలుగా దొరుకుతుంది. పాత ఇనప సామాన్ల కొట్లోనో, హైదరాబాద్‌లో అయితే గురువారం జుమ్మేరాత్ బజార్లోనో, ఆదివారం ఎర్రగడ్డ సంతలోనో దొరికే ఉత్త స్టాండ్ ఒకటి. పాత సామాన్ల షోరూముల్లో రంగు వేసి, పలక బిగించి అమ్మేది రెండోది. ఆన్‌లైన్‌లో వచ్చే కొత్త నకలు మూడోది. మా ఓటు మొదటిదానికే. రంగు కింద ఏముందో కనబడేది అందులోనే.

నకలును పట్టుకోవడం కష్టం కాదు. జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్లండి. అంటుకోలేదంటే అది అల్యూమినియం పోత. అంటుకుంటే పెడల్ మీద చూడండి. ఏళ్ల తరబడి కాళ్లు ఆనిన చోట గీతలు అరిగి నున్నగా ఉండాలి. అంచుల్లో గ్రైండర్ గీతలు, లోతు లేని అక్షరాలు, కదలకుండా వెల్డింగ్ చేసేసిన పెడల్ కనిపిస్తే అది నిన్నమొన్నటి సరుకు. అలంకారానికి అది చాలనుకుంటే కొనుక్కోవచ్చు, పాతదాని ధర మాత్రం ఇవ్వకండి.

‘ఇది 1890 నాటిది సార్’ అనే మాటకు విలువ లేదు. సింగర్ సీరియల్ నంబరు పైనుండే మిషన్ మీద ఉంటుంది. మిషన్ ఊడదీసి అమ్మాక మిగిలిన స్టాండ్‌ను చూసి సంవత్సరం చెప్పడం కుదరదు, ఒకే అచ్చు దశాబ్దాల పాటు పోశారు. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ సింగర్ ఫ్యాక్టరీ ఒక్కటే 1885 నుంచి 1980 దాకా నడిచింది. కాబట్టి సింగర్ అక్షరాల కోసం ఎక్కువ పెట్టడం మీ ఇష్టం. కలకత్తా జే ఇంజినీరింగ్ వర్క్స్ వారి ఉష స్టాండ్ అయినా, మెరిట్ బ్రాండ్‌ది అయినా బల్లగా మోసే బరువులో తేడా ఏమీ ఉండదు, ధర మాత్రం దిగుతుంది.

అసలు చూడాల్సింది పగులు. పోత ఇనుము ఎంత బరువు పెట్టినా మోస్తుంది, దెబ్బ తగిలితే మాత్రం పెళుక్కున విరుగుతుంది. లారీలోంచి కింద పడేసిన స్టాండ్‌కి పగులు ఎక్కువగా వచ్చేది పక్క కాళ్లు పై పట్టీని కలిసే మూలలో, వెనక అడ్డపట్టీ బోల్టు రంధ్రం చుట్టూ. చిన్న స్పానరుతో తట్టి చూడండి. బాగున్నది గంటలా మోగుతుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. బోల్టులు వదులైనా అలాగే పలుకుతుంది కాబట్టి ముందు అవి బిగించి తట్టాలి. అనుమానం తీరకపోతే ఆ చోట రంగు గీకి, కిరోసిన్ పూసి పది నిమిషాలు ఆగండి. గుడ్డతో పొడిగా తుడిచి, పైన సుద్దపొడి రాయండి. పగులు ఉంటే లోపలికి దిగిన కిరోసిన్ మళ్లీ పైకి ఊరి తెల్ల పొడి మీద సన్న తడి గీత కనిపిస్తుంది.

పగిలినదాన్ని వీధి చివరి వెల్డరు దగ్గరకు తీసుకెళితే గేట్లకు వాడే మామూలు రాడ్డుతోనే అతికిస్తాడు. వారం తిరక్కుండా అతుకు పక్కనే కొత్త గీత వస్తుంది. పోత ఇనుములో కార్బన్ ఎక్కువ, వేడెక్కి గబుక్కున చల్లారిన చోట అది గాజులా గట్టిపడిపోతుంది. నికెల్ రాడ్డు వాడాలి, ముక్కను ముందే వేడి చేయాలి, ఒకసారికి అంగుళం మించి వేయకూడదు, అయ్యాక ఇసుకలోనో బూడిదలోనో కప్పి నిదానంగా చల్లారనివ్వాలి. ఇంత ఓపిక ఉన్న వెల్డరు దొరక్కపోతే ఇత్తడి బ్రేజింగ్ (ఇనుమును కరిగించకుండా ఇత్తడి కరిగించి అతికించడం) చేయించుకోండి. అదీ కుదరదంటే ఆ స్టాండ్ వదిలేయండి.

తుప్పు పెద్ద సమస్య కాదు. వైరు బ్రష్, తర్వాత 80, 120 నంబరు ఎమెరీ కాగితం చాలు. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి. బిగుసుకున్న బోల్టుకు రాత్రంతా కిరోసిన్ పట్టించాలి. మంట పెట్టి ఊడదీయాలని చూస్తే ఒకవైపే వేడెక్కి కాలు పగులుతుంది. ఊడిన పాత బోల్టులు పారేయకండి. వాటి మరలు ఇప్పటి మిల్లీమీటర్ సైజులకు చాలావరకు కలవవు. బలవంతంగా ఎక్కిస్తే రంధ్రంలో మర పోతుంది.

షోరూములు గొప్పగా చెప్పే పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్లో కాల్చే పూత) మీద మాకు నమ్మకం తక్కువ. పోత ఇనుము లోపల సన్న రంధ్రాల్లో ఏళ్ల నాటి నూనె ఉంటుంది. దాదాపు 200 డిగ్రీల ఓవెన్లో పెట్టగానే అది ఆవిరై బయటికి తన్నుకొచ్చి పూత మీద సూదిపోట్లు చేస్తుంది. వాటిలోంచే మళ్లీ తుప్పు మొదలవుతుంది. పూతకు ముందు ఉత్త ఇనుమును ఒకసారి ఓవెన్లో కాల్చి తీస్తే ఈ బాధ ఉండదు, అలా చేశారా అని అడగండి. ఇంట్లో చేసుకునేవారికి ఒక చేయి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, పైన రెండు చేతులు నల్ల ఎనామెల్ సరిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఎపాక్సీ ప్రైమర్ వాడటం మేలు.

పలక దగ్గరే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు దాటితే కాళ్ల బయటికి ఎక్కువ వేలాడి, చివర ఎవరైనా చేయి ఆనించగానే బల్ల తూగుతుంది. ఆ కొలతకు 18 మిల్లీమీటర్ల గ్రానైట్ సుమారు 36 కిలోలు ఉంటుంది, అంగుళం మందం టేకు 12 కిలోల దగ్గర తేలుతుంది. గ్రానైట్‌ను స్టాండ్ మోయలేక కాదు. బరువంతా పైకి చేరి, జరిపేటప్పుడు పక్కకు ఒరుగుతుంది. రాయే కావాలంటే కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేసి దానిమీద పరవండి.

నిండు చెక్క పలక వానాకాలంలో అడ్డంగా కొన్ని మిల్లీమీటర్లు ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. వడ్రంగి నాలుగు స్క్రూలూ బిగదీస్తే మే నెలలో పలక నిలువునా చీలుతుంది. పై పట్టీ రంధ్రాన్ని కోలగా సాగదీసి వాషర్ వేసి బిగిస్తే చెక్క కదలడానికి చోటుంటుంది. ఆన్‌లైన్ బల్లలకు ఎక్కువగా మామిడి చెక్క వస్తోంది. ముచ్చటైన గీతలే గానీ మందు పట్టించకపోతే పుచ్చు ఖాయం. కొత్తలోనే పలక అడుగున పిండిలాంటి పొడి రాలుతోందేమో చూడండి.

ఇక ఎత్తు. స్టాండ్ ఒక్కటే 27 అంగుళాల దగ్గర ఉంటుంది, పలకతో 28. రాసుకోవడానికి, లాప్‌టాప్‌కు అది హాయి. భోజనం బల్ల 30 అంగుళాలు ఉండాలి. పైగా కాళ్ల మధ్య ఒక్కరే పడతారు, ఎదురుగా కూర్చున్నవారి పాదాలు అడ్డపట్టీకి తగులుతాయి. వాష్ బేసిన్‌కైతే 28 మీద 5 అంగుళాల గిన్నె పెడితే అంచు సరిగ్గా 33కి వస్తుంది. గొట్టాన్ని చక్రానికి తగలకుండా వెనకనుంచి తేవాలి, నీళ్లు చిందే పెడల్ కీళ్లను నెలనెలా తుడిచి నూనె వేయాలి.

పెడల్‌ను కదలనివ్వాలా? పెద్దవాళ్లు మాత్రమే ఉన్న ఇంట్లో కదలనివ్వండి, చదువుకుంటూ ఆడించుకోవడంలో ఒక సుఖం ఉంది. చేత్తో ఒకసారి తిప్పి వదిలితే చక్రం చప్పుడు లేకుండా నాలుగైదు చుట్లు తిరగాలి. లటలటలాడితే పెడల్ రెండు చివర్ల కోన్ స్క్రూలను (మొన ఉన్న స్క్రూలు) పావు చుట్టు బిగించి, మళ్లీ వదులవకుండా లాక్ నట్ వేయండి, మరీ బిగిస్తే పెడల్ మొరాయిస్తుంది. రెండు చుక్కలు మిషన్ ఆయిల్ చాలు. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురై పట్టేస్తుంది. చీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా ముందువైపు ఒక కాపు (అడ్డు) ఉండేది, ఇప్పుడు దొరికే పాత స్టాండ్లలో చాలావాటికి అది ఉండదు. పిల్లలున్న ఇంట్లో కాపు లేకపోతే పెడల్‌నూ చక్రాన్నీ కలిపే నిలువు రాడ్డును కింద చివర విప్పేయండి. పెడల్ తొక్కినా చక్రం తిరగదు, రూపం చెడదు, కావాలంటే మళ్లీ బిగించుకోవచ్చు.

కాళ్ల అడుగున ఉండే చిన్న ఇనప చక్రాలు విట్రిఫైడ్ టైల్స్ మీద గీతలు పెడతాయి, తడి బట్ట పెట్టిన ప్రతిసారీ చుట్టూ తుప్పు మరక వదులుతాయి. వాటి కింద రబ్బరు గిన్నెలు పెట్టండి.

పైన మిషన్ ఇంకా పనిచేస్తున్న స్టాండ్‌ను మాత్రం బల్ల కోసం విప్పించకండి. బెల్టులు, సూదులు, బాబిన్లు ఈరోజుకీ దొరుకుతున్నాయి, దాన్ని నడిపే దర్జీ మీ వీధిలోనే ఉండి ఉంటాడు. ఉత్త స్టాండ్లకు కొదవలేదు. ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటే, కొరియరు సంతకం అడిగేలోపే అట్టపెట్టె విప్పించి నాలుగు మూలలూ తట్టి చూడండి. దారిలో విరిగే సరుకు ఇది, సంతకం అయ్యాక వాపసు అడిగితే వాదన మిగులుతుంది.