పోస్టు తీసేసి కంపెనీ ఇచ్చిన ఔట్‌ప్లేస్‌మెంట్ సర్వీసు: ఒక ప్రొక్యూర్‌మెంట్ మనిషి రివ్యూ

ప్రొక్యూర్‌మెంట్ అంటే కంపెనీకి కావలసిన సరుకులు, సర్వీసులు కొనే పని. అందులో ఉన్నదాన్ని కాబట్టి అమ్మేవాళ్లకు, అంటే వెండర్లకు, మార్కులు వేయడం నాకు ఇరవై ఏళ్లకు పైగా అలవాటు. అందుకే కంపెనీ నా పోస్టును రద్దు చేసి, సెవరెన్స్ (ఉద్యోగం తీసేసినందుకు ఇచ్చే పరిహారం) కాగితాలతో పాటు "ఎగ్జిక్యూటివ్ ఔట్‌ప్లేస్‌మెంట్" అనే సర్వీసును కూడా చేతిలో పెట్టినప్పుడు థాంక్స్ చెప్పి ఊరుకోలేదు. దాని స్కోప్ డాక్యుమెంట్ పంపమని అడిగాను. హెచ్‌ఆర్ అమ్మాయి కాస్త కంగారు పడింది, ఎవరూ అలా అడగరట. మొత్తం గడువంతా వాడుకున్నాక ఇది రాస్తున్నాను. సర్వీసు పేరు మాత్రం చెప్పను. నేను సంతకం చేసిన ఒప్పందంలో ఒకరి గురించి ఒకరు చెడుగా మాట్లాడకూడదనే షరతు ఉంది. అయినా పేరు లేకపోతే వచ్చే నష్టమేమీ లేదు, ఈ రకం సర్వీసులు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మనల్ని తీసేసిన కంపెనీయే డబ్బు కట్టి, తర్వాతి ఉద్యోగం వెతుక్కోవడంలో మనకు ఒక బయటి సంస్థ చేత సాయం చేయించడాన్ని ఔట్‌ప్లేస్‌మెంట్ అంటారు. అమెరికాలో 1960లలో మొదలైన వ్యాపారం ఇది. సీనియర్ ప్యాకేజీలో ఒక కోచ్, రెజ్యూమె రాసిపెట్టే మనిషి, మాక్ ఇంటర్వ్యూలు, వీడియో పాఠాల పోర్టల్, మనలాగే బయటికొచ్చినవాళ్లతో వారం వారం గ్రూపు మీటింగ్ ఉంటాయి. ఉద్యోగం మాత్రం ఉండదు. మా మొదటి మీటింగ్‌లోనే ఒకాయన "మా ప్రొఫైల్స్ ఏయే కంపెనీలకు పంపిస్తారు?" అని అడిగారు. ఎవరికీ పంపరని తెలిశాక ఆయన మొహం చూడలేకపోయాం. వెతకడం నేర్పిస్తారు, వెతికిపెట్టరు. ఈ సంగతి బ్రోషర్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉండాలి. మాకిచ్చిన దాంట్లో లేదు.

నేను ఏ వెండర్ని చూసినా మొదట అడిగేది బిల్లు ఎవరి పేరు మీద వెళ్తోందని. ఇక్కడ నా పాత కంపెనీ పేరు మీద వెళ్తోంది, అంటే అసలు కస్టమర్ ఆ కంపెనీ. పోయేవాళ్లు గొడవ లేకుండా పోవాలి, ఉండేవాళ్లకు కంపెనీ మర్యాదగానే నడుచుకుందని అనిపించాలి, బయట పేరు చెడకూడదు. ఇదీ ఆ కస్టమర్‌కి కావలసింది. ఇందులో తప్పేమీ లేదు, కానీ తెలిసి వాడుకోవాలి. కోచ్‌తో నేను మాట్లాడేది తిరిగి కంపెనీకి చేరుతుందా అని మెయిల్లో అడిగాను. చేరానా లేదా, సెషన్లు వాడానా లేదా అన్నంతవరకే రిపోర్టు వెళ్తుందని, మాటలు వెళ్లవని జవాబు వచ్చింది. ఆ జవాబు రాతలో వచ్చేదాకా నేను నోరు విప్పలేదు.

రెజ్యూమె దగ్గర ఈ సర్వీసు బాగా తక్కువ మార్కులు తెచ్చుకుంది. నేను పంపిన ముడిసరుకంతా తీసుకుని ఆ రచయిత "దూరదృష్టి గల వ్యూహాత్మక నాయకురాలు" అని మొదలుపెట్టాడు. రెండు కాలమ్‌లు, పక్కన నైపుణ్యాలకు రంగు పట్టీలు. చర్చల నైపుణ్యం పట్టీ తొంభై శాతం దాకా నిండి ఉంది, మిగతా పది ఎక్కడ పోయిందో తెలియదు. చూడ్డానికి అందంగానే ఉంది. అయితే చాలా కంపెనీల్లో దరఖాస్తులను ముందు చదివేది సాఫ్ట్‌వేర్. టేబుళ్లు, టెక్స్ట్ బాక్సులు, రెండు కాలమ్‌లు ఉంటే అది వరస తప్పి చదివే అవకాశం ఉంది. హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరు దానికి అసలు కనబడకపోవచ్చు కూడా. అంతకంటే పెద్ద లోపం ఇంకోటి. ఒక విడిభాగానికి ఒకే సప్లయర్ ఉన్న రోజుల్లో నేను పట్టుబట్టి రెండో సప్లయర్ని సిద్ధం చేయించాను. తర్వాత మొదటివాళ్ల ఫ్యాక్టరీ ఆగిపోయినా మా లైను ఆగలేదు. నా ఉద్యోగ జీవితంలో చెప్పుకోదగ్గ పని ఏదైనా ఉంటే అదే. "వివరం ఎక్కువైంది" అని రచయిత దాన్నే కొట్టేశాడు. చివరికి ఒకే కాలమ్‌లో, మామూలు ఫాంట్‌లో నేనే మళ్లీ రాసుకున్నాను. ఆ విడిభాగం కథ పైన పెట్టాను. తర్వాత ప్రతి ఇంటర్వ్యూలోనూ దాని గురించే అడిగారు.

పోర్టల్ గురించి ఎక్కువ చెప్పను. కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలకు తీసిన వీడియోలకు "ఎగ్జిక్యూటివ్" అని స్టిక్కర్ అంటించారు. ఇంటర్వ్యూకి ఇస్త్రీ బట్టలు వేసుకెళ్లాలని నాకు చెప్పనక్కర్లేదు.

ఇక కోచ్. ప్యాకేజీ మొత్తంలో విలువైన భాగం ఆయనే. పెద్ద కంపెనీలో హెచ్‌ఆర్ హెడ్‌గా చేసి, ఎంతోమంది పోస్టులు తీసేసి, చివరికి తన పోస్టూ పోగొట్టుకున్న మనిషి. మొదటి సెషన్‌లోనే "మీరు ఎందుకు బయటికొచ్చారు?" అని అడిగి ఫోన్‌లో టైమర్ పెట్టారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. రీజియన్లు కలిపిన తీరు, ఆ మీటింగ్‌లో ఎవరు ఏమన్నారు, నా ప్రతిపాదన ఎవరి పేరు మీద ముందుకెళ్లింది, అన్నీ చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక "మేడమ్, ఇంతసేపూ మీరు చెప్పింది మీ పాత బాస్ గురించి" అన్నారు.

తర్వాత ఆయన ఇచ్చిన హోంవర్క్ నాకు వింతగా అనిపించింది. రోజుకి 20 నిమిషాల చొప్పున ఐదు రోజులు, ఉద్యోగం పోవడం గురించి మనసులో ఉన్నదంతా రాయాలి. ఎవరికీ చూపించక్కర్లేదు, చించేసినా పర్వాలేదు. దీని వెనక ఒక పరిశోధన ఉందని చెబితే, వెండర్ మాట నమ్మే అలవాటు లేదు కాబట్టి వెతికి చూశాను. నిజంగానే ఉంది. జేమ్స్ పెన్‌బేకర్ అనే సైకాలజిస్టు ఇంకో ఇద్దరితో కలిసి 1994లో ప్రచురించారు. ఉద్యోగాలు పోయిన 63 మంది ప్రొఫెషనల్స్‌తో చేశారు. మనసులోని బాధ, కోపం రాసుకున్నవాళ్లకు మిగతావాళ్లకంటే త్వరగా ఉద్యోగాలు దొరికాయి. చిత్రమేమిటంటే వాళ్లు ఎక్కువ ఇంటర్వ్యూలకేమీ వెళ్లలేదు. కోపం కాగితం మీద కొంత తీరిపోయి, ఇంటర్వ్యూ గదిలోకి తక్కువగా వెళ్లి ఉంటుందని నా ఊహ. 63 మందితో తేలినదాన్ని సూత్రంలా పట్టుకోను. కానీ ఖర్చు లేని పని, రాశాను. మూడో రోజుకి బాస్ గురించి రాయడానికి కొత్తగా ఏమీ మిగల్లేదు. అప్పుడు నా గురించి రాయాల్సి వచ్చింది, అది కష్టంగా ఉంది.

ఆ తర్వాత నా జవాబు మూడు వాక్యాలకు దిగింది. "రీజియన్లు కలిపారు, రెండు ప్రొక్యూర్‌మెంట్ హెడ్ పోస్టులు ఒకటయ్యాయి, ఆ ఒకటి అవతలి రీజియన్‌కి వెళ్లింది. నా టీమ్‌ని, కాంట్రాక్టులను అప్పగించి వచ్చాను. సప్లై రిస్క్ నిజంగా తలనొప్పిగా ఉన్న కంపెనీ కోసం చూస్తున్నాను." ఇందులో గొప్పేముంది అనిపిస్తుంది. కోచ్ రికార్డు చేసి వినిపించేదాకా నాకూ అలాగే అనిపించింది. "అవతలి రీజియన్‌కి" అనే చోట నా గొంతు ప్రతిసారీ కిందికి జారుతోంది. వినేవాడికి అక్కడే అనుమానం మొదలవుతుందని ఆయన మాట. నేను ఇంట్లో బట్టలు మడతపెడుతూ కూడా ఆ మూడు వాక్యాలూ అంటుంటే "మళ్లీ రీజియన్లు కలిపారా?" అనేవారు మా ఆయన.

"ఓవర్‌క్వాలిఫైడ్" అనే మాటతో ఏం చేయాలో కూడా కోచ్ దగ్గరే నేర్చుకున్నాను. ఆ మాట వెనక మామూలుగా మూడు భయాలుంటాయట. ఇంకా మంచిది దొరికితే ఈవిడ వెళ్లిపోతుంది, జీతం ఎక్కువ అడుగుతుంది, పైన ఉన్న చిన్నవాడి మాట వినదు. ఏ భయమో అడిగి తెలుసుకుని దానికే జవాబివ్వమన్నారు. ఒక చోట నేరుగా అడిగాను. అవతల మనిషి నవ్వి, మూడోదేనని ఒప్పుకున్నాడు. ఆ ఉద్యోగం రాలేదనుకోండి, కానీ ఎందుకు రాలేదో తెలిసిన ఒకే ఒక్క చోటు అది.

హెడ్‌హంటర్ల, అంటే సెర్చ్ ఫర్మ్‌ల, విషయంలో మాత్రం ఈ సర్వీసు జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది. "సెర్చ్ ఫర్మ్‌లతో పరిచయాలు పెంచుకోండి" అని వెబినార్‌లో ఊదరగొట్టారు, వాళ్లు మన కోసం ఉద్యోగం వెతుకుతారన్నట్టు. వాళ్లకు డబ్బిచ్చేది కంపెనీలు, కాబట్టి వాళ్లు ఉద్యోగానికి మనిషిని వెతుకుతారు. పెద్ద హోదాలకు ఎక్కువగా రిటైన్డ్ పద్ధతి నడుస్తుంది. ఆ మనిషి మొదటి ఏడాది జీతంలో సుమారు మూడో వంతు ఫీజుగా, విడతలవారీగా తీసుకుంటారు. కంటింజెన్సీ పద్ధతిలో మనిషి చేరితేనే ఫీజు. ఈ రెండో రకంవాళ్లు మన రెజ్యూమెని ఒకే కంపెనీకి ఇద్దరు పంపితే, ఫీజు ఎవరిదన్న తగాదా ఎందుకని కంపెనీ మన పేరే పక్కన పెట్టే ప్రమాదం ఉంది. అందుకే కంపెనీ పేరు చెప్పకుండా "పంపమంటారా?" అని అడిగేవాళ్లకు నేను సరేననలేదు. ఇవన్నీ నాకు తెలిసింది బల్లకి అవతలి వైపు కూర్చుని సెర్చ్ కాంట్రాక్టుల మీద సంతకాలు పెట్టడం వల్ల. గ్రూపులో మిగతావాళ్లకు ఎవరు చెప్పాలి? సెర్చ్ ఫర్మ్ నుంచి మనకు సరిపడని ఉద్యోగం కోసం ఫోన్ వస్తే, దానికి సరిపోయే వేరేవాళ్ల పేర్లు, వాళ్లనడిగి, ఇవ్వడం మంచిది. నాకు రెండోసారి ఫోన్ చేసినవాళ్లంతా అలా మొదటిసారి పేర్లు తీసుకున్నవాళ్లే.

ఉద్యోగం కోసం చూస్తున్నామని తెలిపే ఆకుపచ్చ పట్టీని లింక్డ్‌ఇన్‌లో ఫొటో చుట్టూ పెట్టాలా వద్దా అని గ్రూపులో ఒక సాయంత్రమంతా వాదించుకున్నారు. రిక్రూటర్లకే కనిపించేలా పెట్టుకునే సెట్టింగ్ ఉంది, నేను అది పెట్టుకుని వాదన నుంచి తప్పుకున్నాను.

గ్రూపు మాత్రం నేను అనుకోని లాభం. దాన్ని నడిపే ఆవిడకు ఎవరైనా నిరాశగా మాట్లాడితే పడదు, వెంటనే "ఈ వారం ఒక మంచి విషయం చెప్పండి" అనేవారు. ఆవిడ సెలవు పెట్టిన వారమే అసలు మీటింగ్ జరిగింది. ఫైనాన్స్ హెడ్‌గా చేసిన ఒకాయన, ఆఖరి రౌండ్ అయ్యాక ఒక కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదని, తను రోజూ పొద్దున్నే మెయిల్ తెరవడానికి భయపడుతున్నానని చెప్పారు. అప్పటిదాకా అందరం "పైప్‌లైన్ బాగుంది", అంటే అవకాశాలు వరసలో ఉన్నాయి, అని చెప్పుకుంటున్నవాళ్లమే. ఆ రోజు ఎవరి పైప్‌లైనూ బాగాలేదని తేలింది. అందులోనే ఒకావిడ హోమ్స్, రాహె అనే ఇద్దరు 1967లో తయారుచేసిన ఒత్తిడి పట్టిక చదివి వినిపించింది. అందులో ఉద్యోగం పోవడానికి 47 పాయింట్లు, రిటైర్మెంట్‌కి 45. పెళ్లికి 50. చాలా రోజుల తర్వాత అంతమంది ఒకేసారి నవ్వడం అప్పుడే విన్నాను.

నెట్‌వర్కింగ్ కోసం వంద పేర్లు రాసే ఎక్సర్‌సైజ్ ఇచ్చారు, దగ్గరివాళ్లతో మొదలుపెట్టమన్నారు. నేను చివర నుంచి మొదలుపెట్టాను. ఉద్యోగాల కబురు దగ్గరి స్నేహితులకంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువ వస్తుందని మార్క్ గ్రానొవెటర్ 1973లోనే రాశారు. లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మంది మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 2022లో వచ్చాయి, మరీ దగ్గరా మరీ దూరమూ కాని పరిచయాలే ఎక్కువ పనికొచ్చాయని అందులో తేలింది. మా దగ్గరివాళ్లకు తెలిసిన కంపెనీలన్నీ నాకూ తెలిసినవే కదా. ప్రొక్యూర్‌మెంట్ మనుషులకు ఇంకో ఆస్తి ఉంటుంది, ఏళ్ల తరబడి బేరమాడిన అవతలిపక్షం. ఒకప్పుడు సప్లయర్ తరఫున నాతో రేట్ల దగ్గర గట్టిగా పోట్లాడిన ఒకాయనకు మెసేజ్ పెట్టాను. ఉద్యోగం అడగలేదు, "మీ కొత్త కంపెనీలో సప్లై రిస్క్ ఎవరు చూస్తున్నారు, ఇరవై నిమిషాలు మాట్లాడొచ్చా" అని అడిగాను. ఎవరూ చూడట్లేదట. ఇప్పుడు అక్కడే ఇంటరిమ్ (తాత్కాలిక) హెడ్‌గా చేస్తున్నాను. హోదా పాతదానికంటే ఒక మెట్టు కిందే, కాంట్రాక్టు కూడా గడువుతోనే. మొదటి నెలలో విజిటింగ్ కార్డు ఇవ్వడానికి చెయ్యి వెనకాడింది, ఇప్పుడు పనిలో పడి గుర్తుండట్లేదు.

మార్కులు వేయమంటే కోచ్‌కి ఐదుకి ఐదు, గ్రూపుకి నాలుగు, రెజ్యూమెకి రెండు, పోర్టల్‌కి ఒకటి, అది కూడా లాగిన్ పనిచేసినందుకు. మీకూ ఇలాంటి ప్యాకేజీ ఇస్తుంటే, సెవరెన్స్ కాగితం మీద సంతకానికి ముందే బేరమాడండి, తర్వాత ఎవరూ వినరు. కోచ్‌ని ఎంచుకునే వీలుందా, గడువు ఎప్పటి నుంచి లెక్కపెడతారు, కొత్త ఉద్యోగం త్వరగా పోతే మళ్లీ మొదలుపెట్టనిస్తారా, వద్దనుకుంటే బదులుగా డబ్బిస్తారా. ఆఖరిదానికి నాకు కుదరదన్నారు. గడువు లెక్క మాత్రం చివరి పనిదినం నుంచి కాకుండా నేను మొదటి సెషన్ తీసుకున్న రోజు నుంచి మొదలయ్యేలా మార్పించాను. సీనియర్ ఉద్యోగాల వెతుకులాట నెలల తరబడి సాగుతుంది, ఆ కొన్ని వారాలు ఆఖరున బాగా పనికొచ్చాయి.

సొంత డబ్బుతో అయితే మొత్తం ప్యాకేజీ కొనను. ఆ కోచ్‌ని మాత్రం గంటల లెక్కన పెట్టుకుంటాను. నా ఇంటరిమ్ కాంట్రాక్టు రెన్యువల్ మాటలు వచ్చే నెలలో ఉన్నాయి, వాటికి ముందు ఒక గంట ఇప్పటికే బుక్ చేశాను.