చూపించే చేప ఒకటి, వండి పెట్టేది మరొకటి: తిండి కోసం శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళు ఇది చదివి వెళ్ళండి

శ్రీకాకుళంలో ఆ హోటల్ సంగతే. పేరు రాయను. "కేవలం తిండి కోసమే ప్రయాణం పెట్టుకోవాల్సిన హోటల్" అంటూ మన రెండు జిల్లాల వాళ్ళ ఫోన్లలో తిరుగుతున్న ఆ రీల్ చూసినవాళ్ళకి ఎలాగూ అర్థమైపోతుంది. పైన రూములు, కింద ఏసీ రెస్టారెంట్, ట్రేలో ఐసు మీద చేప పెట్టి టేబుల్ దగ్గరికి తెచ్చి చూపించే పద్ధతి. ఆ ట్రే గురించే ఈ పోస్టు. బిల్లు ఇంకా జేబులోనే ఉంది, కోపం కూడా తగ్గలేదు. మాట అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి.

మాది విజయనగరం. మా పెద్దత్తది పూసపాటిరేగ దగ్గర చింతపల్లి. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి చేపలమ్మి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. మోకాళ్ళ నొప్పులతో ఇప్పుడు పెద్దగా బయటికి రావడం లేదు. ఒక్కసారైనా ఏసీలో కూర్చోబెట్టి, వేరేవాళ్ళు వండిన చేప ఆవిడకి తినిపించాలని నా ముచ్చట. ఆదివారం అత్త నీసు ముట్టదు, అరసవల్లి మొక్కు. శనివారం మా ఆవిడ ముట్టదు. అందుకని వారం మధ్యలో సెలవు పెట్టాను. టేబుల్ కావాలంటే ముందుగా 500 కట్టాలన్నారు, ఫోన్‌పే చేశాను. బిల్లులో తగ్గిస్తామన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. పూసపాటిరేగలో అత్తని ఎక్కించుకుని, రణస్థలం, ఎచ్చెర్ల దాటి మధ్యాహ్నానికి చేరాం.

మెనూలో చేపలకీ పీతలకీ ఎదురుగా రేటు ఉండదు, ఏ.పి.ఎస్. అని ఉంటుంది. సైజును బట్టి అని. సరే, పెద్ద హోటళ్ళలో ఉండేదే. సర్వర్ కుర్రాడు ట్రే తెచ్చాడు. చందువా. చూడ్డానికి బాగుంది, అబద్ధం చెప్పను. 850 గ్రాములు తూగుతుందనీ, 100 గ్రాములకి 240 అనీ చెప్పాడు. "తెల్లారే బోటు దిగింది మేడమ్" అన్నాడు అత్తతో.

"ఏ బోటు బాబూ? యేట ఆపీసినారు కదేటి?" అంది అత్త.

కుర్రాడు నవ్వేసి ఊరుకున్నాడు. తీరం తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఇంజను లేని తెప్పల మీద దగ్గర్లో పట్టుకోవచ్చు గానీ బోటు కదలకూడదు. పశ్చిమ తీరంలో నిషేధం జూన్‌లో మొదలవుతుంది కాబట్టి ఈ రోజుల్లో మనకి చేప అటువైపు నుంచి ఐసులో రావడం మామూలే. మన శ్రీకాకుళం కుర్రాళ్ళే ఎంతమంది గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి బోట్లెక్కడం లేదు? "వెరావల్ నుంచి వచ్చింది మేడమ్" అన్నా అత్త తినేది. ఆ నిజం చెప్పడానికి వీళ్ళకి నోరు రాలేదు. అక్కడే లేచి రావాల్సింది. రీల్ అలా ఎక్కి కూర్చుంది నెత్తిమీద, ఏం చేస్తాం.

అత్త మాత్రం అలవాటు మానుకోలేదు. చెయ్యి చాపి మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగానే ఉంది. వేలితో నొక్కింది. గుంట పడలేదు. "మంచి సేపే" అని, "పాపం, తోక తెగిపోనాదర్రా" అంది. చందువా తోక కత్తెరలా చీలి ఉంటుంది కదా, కింది కొస పొడుగ్గా ఉంటుంది. దీనికి ఆ కింది కొస సగానికి తెగిపోయి ఉంది. వలలో చిక్కినప్పుడు తెగి ఉంటుందట. మేమెవరం పట్టించుకోలేదు. పిల్లలు ఫ్రైడ్ రైస్ ఎప్పుడొస్తుందని గోల.

ముప్పావు గంటకి చేప వచ్చింది. మసాలా దట్టించి, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క, కొత్తిమీర, కింద అరిటాకు. చిన్నదైపోయిందేమిటని నేను అనుకుంటూనే ఉన్నాను, కాల్చాక కాస్త తగ్గుతుందిలే అని సర్దుకున్నాను. అత్త మాత్రం ముట్టలేదు. పళ్ళెం తనవైపు తిప్పుకుంది. కొత్తిమీర పక్కకి తోసింది. రెండు కొసలూ నిక్షేపంగా ఉన్నాయి.

సర్వర్‌ని పిలిచి అడిగింది. గట్టిగా కూడా కాదు. "బాబూ, నువ్వు సూపించిన సేపకి తోక తెగున్నాది. పెనం మీద మళ్ళీ మొలిసినాదేటి?"

మా ఆవిడకి నవ్వాగలేదు. పక్క టేబుల్ వాళ్ళు కూడా తిరిగి చూశారు. కుర్రాడు బిక్కమొహం వేసుకుని లోపలికి వెళ్ళి మేనేజర్‌ని తీసుకొచ్చాడు. ఇక్కడి నుంచి మొదలు.

మేనేజర్ ముందు నాతో ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. నేను తెలుగులోనే చెప్పాను, చేప మారింది, బరువు కూడా తేడాగా ఉంది అని. అతను చేపవైపు చూడలేదు. నావైపు కూడా కాదు. అత్తని కింది నుంచి పైకి చూశాడు. చీర, చేతి గాజులు, ముక్కుకి ఇరుపక్కలా పుడకలు, అన్నీ లెక్కపెట్టినట్టు. తర్వాత నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు అన్నాడు:

"అమ్మా, ఇది మీరు సంతలో బేరమాడి కొనే చేప కాదు. హోటల్ చేప. మీకు అలవాటుండదు. ఇలాంటి లెక్కలు కావాలంటే ఇంటి దగ్గర వండుకు తినాలి."

ఒరేయ్ బాబూ. చేప గురించి. మా అత్తకి.

నాకు చెవులు గింగురుమన్నాయి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఆవిడ దగ్గర నీసు వాసన వస్తుందని పక్కకి జరిగే చుట్టాల్ని చూశాను చిన్నప్పుడు. ఆ మనిషిని నేనే తీసుకెళ్ళి, కారు దింపి, కుర్చీ లాగి కూర్చోబెట్టి, 500 ముందే కట్టి మరీ ఈ మాట అనిపించాను. ఆవిడ చేతిలో చేప కొన్న హోటళ్ళే ఎన్ని ఉంటాయో ఆ కుర్ర మేనేజర్‌కి ఎవరు చెప్పాలి?

నేను ఏదో అనబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. భయపడి కాదు. "అల్లుడూ, అటు సూడు" అంది.

అదే ట్రే. వెనక నుంచి ఇంకో సర్వర్ పట్టుకొచ్చి మా పక్క టేబుల్ ముందు పెడుతున్నాడు. అదే ఐసు, అదే చందువా, అదే తెగిన తోక. "తెల్లారే బోటు దిగింది సార్" అంటున్నాడు. 850 గ్రాములేనట దాని బరువు. మారలేదు, పాపం.

అంటే ఆ చేప వండడానికి కాదు. దాని ఉద్యోగం ఊరేగడం. పొద్దున్నించీ ఎన్ని టేబుళ్ళు తిరిగిందో, ఎంతమంది దగ్గర 850 గ్రాముల డబ్బు వసూలు చేసిపెట్టిందో. లోపల వండేది ఫ్రీజర్‌లోని చిన్న చేపలు.

నేను లేచి ఆ ట్రే చూపించి, ఇదేమిటని మేనేజర్‌ని అడిగాను. సిగ్గుపడతాడనుకున్నాను. "అది శాంపిల్ సార్" అన్నాడు తాపీగా. మరి శాంపిల్ అని ముందే ఎందుకు చెప్పలేదంటే మెనూ చివరి పేజీ తీసి చూపించాడు. "చిత్రాలు సూచన కోసం మాత్రమే" అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. చిత్రమా అది? ఐసునీళ్ళు కారుతున్న చేప! మరి బరువు కట్టింది దేనికి, శాంపిల్‌కా మా పళ్ళెంలో దానికా అంటే జవాబు లేదు. మా చేప ఎముకలతో సహా తూస్తే 500 గ్రాములుంటే గొప్ప. తూకం తెమ్మన్నాను. వంటగదిలోకి కస్టమర్లని రానివ్వరట, తూకం బయటికి రాదట. పక్క టేబుల్ వాళ్ళు మాత్రం ఆర్డర్ మార్చుకుని పప్పూ అప్పడం చెప్పుకున్నారు. మా అత్త వల్ల ఆ ఒక్క కుటుంబం బయటపడింది.

బిల్లు 4,851. అందులో చేప 2,040, మిగతావన్నీ కలిపి 2,160. ఆ మొత్తం మీద "స్టాఫ్ కంట్రిబ్యూషన్" అని 10 శాతం, 420. ఆ 420ని కూడా కలిపి, దాని మీద 5 శాతం జీఎస్టీ. "స్టాఫ్ కంట్రిబ్యూషన్" అన్నది సర్వీస్ ఛార్జికే ముద్దుపేరు. బిల్లులో వాళ్ళంతట వాళ్ళు సర్వీస్ ఛార్జి వేయకూడదని, ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదని, దాన్ని కలిపి జీఎస్టీ కట్టకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకెళితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇదంతా చెబితే మేనేజర్ కౌంటర్ వైపు తిరిగి, హాలంతా వినబడేలా "ఆ టేబుల్‌కి సర్వీస్ తీసెయ్‌రా, పాపం" అన్నాడు. పాపమట. 4,410 కట్టాను. చేప డబ్బు తగ్గించలేదు. నా 500 తగ్గించలేదు, అది వేరే అకౌంట్‌లో పడిందట, రెండు మూడు రోజుల్లో వెనక్కి వేస్తారట. పిల్లలు ఏడుపు మొహాలతో ఉన్నారు, అత్త పదమంటోంది, వచ్చేశాం. ఆవిడ పెరుగన్నం తప్ప ఏమీ తినలేదు.

ఆ రీల్ చేసినాయన "మిషెలిన్ మూడు స్టార్ల రేంజ్" అన్నాడు కదా, రాత్రి దాని గురించి చదివాను. ఫ్రాన్స్‌లో టైర్లు అమ్మే కంపెనీ 1900లో మొదలుపెట్టిన పుస్తకం అది. జనం బండ్లు వేసుకుని ఊళ్ళు తిరిగితే టైర్లు అరుగుతాయి, కొత్తవి కొంటారు. మూడు స్టార్లంటే ఆ హోటల్ కోసమే ప్రత్యేకంగా ప్రయాణం పెట్టుకోవచ్చని అర్థం. అయితే వాళ్ళ మనుషులు ఎవరో చెప్పకుండా వెళ్ళి, తమ బిల్లు తామే కట్టి తింటారు. మనవాడు కెమెరా పట్టుకుని ముందు ఫోన్ చేసి వెళ్ళి ఉంటాడు, అతనికి ఆ తోక తెగిన చేపే వండి పెట్టి ఉంటారు. డబ్బు గానీ ఉచిత భోజనం గానీ తీసుకుని పొగిడితే ఆ సంగతి వీడియోలో స్పష్టంగా చెప్పాలని కూడా రూలుంది. ఎక్కడైనా కనబడిందా మీకు? ఇక గోడ మీద స్టార్లంటారా, కేంద్ర పర్యాటక శాఖ హోటల్‌కిచ్చే స్టార్లు రూములు, సదుపాయాలు, శుభ్రత లాంటివి చూసి ఇచ్చేవి. పులుసులో ఉప్పు చూసి కాదు. మొత్తానికి మా టైర్లు అరిగాయి, మిషెలిన్ వాళ్ళ లెక్క ప్రకారం అది సక్సెసే.

వెళ్ళక తప్పనివాళ్ళు ఇవి చేయండి. ట్రేలో చేపని తోకతో సహా ఫోటో తీయండి. మీ ముందే తూచమనండి, ఆ బరువు ఆర్డర్ చీటీ మీద రాయించండి. వీలైతే అక్కడే మొప్ప దగ్గర చిన్న గాటు పెట్టమనండి, అత్త చెప్పిన ఉపాయం ఇది. అడ్వాన్స్ కట్టకండి. బిల్లులో జీఎస్టీ తప్ప ఇంకే పేరున్నా ముందు తీయించి తర్వాత కట్టండి. గొడవైతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు.

నేను 1915లో ఫిర్యాదు పెట్టాను, ట్రే ఫోటో లేదు గానీ బిల్లు పెట్టాను. గూగుల్‌లో రివ్యూ రాస్తే అరగంటలో జవాబొచ్చింది: "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, మళ్ళీ రండి, మా కొత్త సీఫుడ్ థాలీ రుచి చూడండి." 500 ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను.