ఫోన్‌లో భూకంప హెచ్చరిక: మన తిరుపతి ఇళ్లకు ఏ మేరకు పనికొస్తుంది?

రాత్రిపూట వీధికుక్కలన్నీ ఒక్కసారిగా మొరగడం ఎత్తుకున్నాయంటే తిరుపతిలో ముందు అనుమానించాల్సింది శేషాచలం నుంచి దిగిన చిరుతను. అలిపిరి పక్క ఇళ్లవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అయినా పలమనేరు వైపు భూమి కాస్త అదిరిందని వార్త వస్తే చాలు, "మా పిల్లి పొద్దున్నుంచీ మంచం కింద నుంచి రాలేదు", "నాకెందుకో ముందే గుబులుగా ఉండింది" అంటూ మొదలవుతుంది. పిల్లి ఊరికే మంచం కింద దూరిన రోజులు ఎవరికీ గుర్తుండవు.

కుక్క ముందే పసిగట్టడంలో కొంత నిజం లేకపోలేదు. భూకంపంలో ముందొచ్చే పి అల సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది, మనకు చాలాసార్లు తెలియదు. గోడలు ఊపే ఎస్ అల సుమారు మూడున్నర కిలోమీటర్ల వేగంతో వెనక వస్తుంది. పి అల తగలగానే కుక్క లేచి నిలబడుతుంది. భూకంప కేంద్రం 100 కిలోమీటర్ల దూరంలో ఉంటే 12 సెకన్ల తేడా, 20 కిలోమీటర్లయితే రెండున్నర సెకన్లే. అది జోస్యం కాదు. 1975లో చైనాలోని హైచెంగ్‌లో భూకంపానికి ముందు పాములు బయటికొచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ జనాన్ని ఖాళీ చేయించడానికి అసలు ఆధారం ముందుగా వచ్చిన చిన్న చిన్న ప్రకంపనలు. మరుసటి ఏడాది అదే దేశంలోని తాంగ్‌షాన్‌లో ఏ హెచ్చరికా లేకుండా వచ్చిన భూకంపంలో 2 లక్షలకు పైగా చనిపోయారు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో 2023 సెప్టెంబరులో మన దేశానికి వచ్చిన హెచ్చరిక కూడా పి అల మీదే ఆధారపడుతుంది. కాకపోతే కేంద్రం దగ్గర కదలకుండా ఉన్న ఫోన్లు దాన్ని పట్టి సర్వర్‌కు చెప్తాయి, కబురు నెట్‌వర్క్ వేగంతో మనకొస్తుంది. సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ, అందులో ఎర్త్‌క్వేక్ అలర్ట్స్. కొన్ని ఫోన్లలో లొకేషన్ కింద ఉంటుంది. ఆన్ చేశాక డెమో నొక్కి ఆ మోత ఇంట్లో అందరికీ ఒకసారి వినిపించండి, లేకపోతే అసలు రోజున అదేదో స్కామ్ కాల్ అనుకుంటారు. లొకేషన్, డేటా లేదా వైఫై ఆన్‌లో ఉండాలి. మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే: రాత్రి డేటా ఆపి పడుకుంటారు.

పెద్ద లోటు ఇంకొకటి. తీవ్రత 4.5 దాటితేనే మోగుతుంది. చిత్తూరు పల్లెల్లో గిన్నెలు గలగలలాడించే చిన్న అదురుకు కిక్కురుమనదు. కేంద్రం మరీ దగ్గరైతే లెక్క తేలేలోపే ఊపు వచ్చేస్తుంది. చిన్నవాటి సంగతి తర్వాత సరిచూసుకోవాలంటే జాతీయ భూకంప కేంద్రం వారి భూకంప్ యాప్ చాలు.

ఈ ఫోన్ హెచ్చరికకు నా మార్కులు 5కి మూడున్నర. డబ్బు ఖర్చు లేదు కాబట్టి పెట్టుకోండి. మంచం తల దగ్గర బీరువా ఉంటే మాత్రం ముందు దాన్ని ఎల్ ఆకారం క్లాంపులతో గోడకు బిగించండి. స్క్రూ ఇటుకలోకి దిగాలి, ఉత్త ప్లాస్టరింగ్‌లోకి కాదు.