హోం కేర్ సర్వీసులో మార్కెటింగ్ మనిషి: పెట్టుకుని కొన్నేళ్లయ్యాక నా మాట

హైదరాబాద్‌లో సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్ చుట్టుపక్కల మాది చిన్న హోం కేర్ సర్వీసు. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి ఆపరేషన్ అయినవాళ్లు, మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లు ఉన్న ఇళ్లకు అటెండెంట్లను, నర్సులను పంపుతాం. బయట తిరిగి కేసులు తెచ్చే ఫుల్‌టైమ్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్‌ని పెట్టుకుని కొన్నేళ్లయింది. ఈ లైన్లో కొత్తగా దిగినవాళ్లు ఎప్పుడు పెట్టుకోవాలని అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను. సాయంత్రం అయిదింటికి ఫోన్ వస్తే అదే రాత్రి డ్యూటీకి మనిషిని పంపగలరా? పంపలేకపోతే ఇప్పుడే వద్దు.

అయిదింటికే అని ఎందుకంటున్నానంటే, మన హాస్పిటళ్లలో డిశ్చార్జి తేలేది అప్పుడే. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్‌గారు ఇంటికి వెళ్లొచ్చంటారు. బిల్లు, ఇన్సూరెన్స్ అప్రూవల్ అయ్యేసరికి పొద్దువాలుతుంది. అప్రూవల్ మూడు గంటల్లో ఇచ్చేయాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది గానీ, మాకు ఫోన్లు ఇప్పటికీ సాయంత్రాలే వస్తాయి. "నాన్నగారిని ఇంటికి తెస్తున్నామండీ, రాత్రికి ఎవరో ఒకరు కావాలి" అంటారు. రేపు పంపిస్తామంటే ఆ కేసు పోయినట్టే. కేసు పోతే పోయింది, మన నంబరు ఇచ్చిన డిశ్చార్జి కౌంటర్ వాళ్లు ఇంకోసారి ఇవ్వరు. మార్కెటింగ్ మనిషి కాళ్లరిగేలా తిరిగి సంపాదించిన పేరు ఆ ఒక్క ఫోన్‌తో పోతుంది.

అందుకే చాలాకాలం మార్కెటింగ్ మనిషి మాటే ఎత్తలేదు. మేం వదులుకున్న ప్రతి ఫోన్‌నీ, కారణంతో సహా, మా కోఆర్డినేటర్ చేత నోట్‌బుక్‌లో రాయించాను. పేజీల నిండా "లేడీ అటెండెంట్ లేరు", "24 గంటల మనిషి లేరు" అనే ఉండేది. ఇంకా ఫోన్లు తెచ్చిపెట్టడానికి ఒకరికి జీతమిచ్చి ఏం లాభం? ఆ డబ్బుతో స్టాఫ్ హాస్టల్‌కి ఇంకో గది తీసుకున్నాం, ఎవరైనా సెలవు పెడితే బదులు వెళ్లడానికి రిలీవర్లను పెట్టాం. రానురాను నోట్‌బుక్‌లో "రేటు కుదరలేదు", "దూరం" అన్నవి పెరిగాయి. హాస్టల్లో డ్యూటీ లేక ఖాళీగా కూర్చునేవాళ్లు కనబడ్డారు. అప్పుడు పెట్టుకున్నాం.

ఇక పనితీరు. పెద్ద హాస్పిటళ్ల నుంచి ఆశించినంత రాలేదు. చాలాచోట్ల వాళ్లకు సొంత ఏర్పాట్లుంటాయి, లేదంటే ఎవరో ఒకరు కమీషన్ అడుగుతారు. రిఫరల్‌కి డాక్టర్లు కమీషన్ తీసుకోకూడదని 2002 నాటి వైద్య మండలి నియమాల్లోనే ఉంది. మేం ఎవరికీ ఇవ్వం. దానివల్ల పోయిన కేసులున్నాయి, పోనివ్వండి.

మాకు బాగా కలిసొచ్చింది మంచాలు, ఎయిర్ బెడ్లు, ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు అద్దెకిచ్చే సర్జికల్ షాపులు. పేషెంటు ఇంటికి రాకముందే మంచం వస్తుంది కదా! మంచం బిగించే కుర్రాడికి ఆ ఇంట్లో ఎవరికి ఏమైందో, చూసుకునేవాళ్లు ఉన్నారో లేదో అప్పుడే తెలుస్తుంది. ఇంటికెళ్లి చేసే ఫిజియోథెరపిస్టులు కూడా అంతే. ఆఫీసులో కూర్చుని నాకు తట్టని దారి ఇది, మా ఎగ్జిక్యూటివ్ తిరిగి పట్టుకున్నాడు.

ఆన్‌లైన్ లీడ్స్‌కి, అంటే నెట్‌లో వాకబు చేసేవాళ్ల కోసం మాత్రం, మార్కెటింగ్ మనిషి అక్కర్లేదనిపించింది. లిస్టింగ్ సైట్లో వాకబు చేసినవాళ్ల నంబరును మనలాంటి నలుగురికి అమ్ముతారు, మనం ఫోన్ చేసేసరికి అవతలివాళ్లు విసిగిపోయి ఉంటారు. అమెరికాలో ఉన్న పిల్లలు గూగుల్ రివ్యూలు చదివి నేరుగా ఫోన్ చేస్తారు. డాలస్‌లో పొద్దున పదిన్నర అంటే మనకు రాత్రి తొమ్మిది, చలికాలంలో అయితే పది. ఆ టైమ్‌కి ఓపిగ్గా మాట్లాడే కోఆర్డినేటర్ ఉంటే చాలు.

తలనొప్పి ఒకటుంది: నోటికొచ్చినట్టు మాటివ్వడం. మొదట్లో మావాడు ముక్కులో ట్యూబ్ ఉన్న పేషెంటుకి కూడా "అటెండెంటే చూసుకుంటుంది మేడమ్, నర్సు రేటు ఎందుకు" అని ఒప్పుకుని వచ్చేవాడు. ఆ ట్యూబ్‌లో ఆహారం ఇచ్చే దగ్గర తేడా వస్తే ప్రాణం మీదికొస్తుంది. అది నర్సు చేయాల్సిన పని. ఇప్పుడు కోఆర్డినేటర్ పేషెంటును చూసొచ్చాకే ఎవరిని పంపేదీ, రేటెంతో చెబుతాం. ఇన్సెంటివ్ కూడా కేసు మొదలైన రోజు ఇవ్వం, నెల నిలబడ్డాకే. దాంతో అతనే ముందు మా స్టాఫ్ గురించి అడిగి తెలుసుకుని వెళ్తున్నాడు.

మొత్తానికి మార్కెటింగ్ మనిషిని పెట్టుకోవడానికి అయిదుకి నాలుగు మార్కులు ఇస్తాను. జీతం, పెట్రోలు ఖర్చు తిరిగి రావడానికి ఆరునెలలు పైనే పట్టింది, అంతవరకు భరించే సత్తా ఉండాలి. ఓనరే రోజూ రెండు గంటలు బయట తిరగగలిగినంత చిన్న సర్వీసయితే ఆ ఖర్చు కూడా దండగే.

రెండో మనిషిని తీసుకుందామని మా పార్ట్‌నర్ పోరుతున్నాడు. సంక్రాంతికి ఊళ్లకెళ్లిన అటెండెంట్లందరూ తిరిగొచ్చాక మాట్లాడదామన్నాను.