తరగతి పాఠాల చిత్రీకరణ: ఒక శిక్షకుడి సమీక్ష

నిజమైన తరగతుల్లో జరిగే పాఠాలను చిత్రీకరించి, వాటిని ఛాత్రోపాధ్యాయులతో, అంటే ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నవారితో, కలిసి చూసి చర్చించే పద్ధతిని నేను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. పద్ధతి మంచిదే కానీ, దాని ఫలితం కెమెరా నాణ్యత కంటే పిల్లల మాట ఎంత స్పష్టంగా వినిపిస్తుందన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

గది వెనుక ట్రైపాడ్ మీద ఫోను నిలిపితే ఉపాధ్యాయుడూ నల్లబల్లా చక్కగా కనిపిస్తారు, పిల్లలవి మాత్రం వీపులే కనిపిస్తాయి. ముందు మూలన, కిటికీల వెలుగు కెమెరా వెనుక నుంచి పడేలా పెడితే ముఖాలు తెలుస్తాయి. 1994-95లో జర్మనీ, జపాన్, అమెరికా దేశాల ఎనిమిదో తరగతి గణిత పాఠాలను చిత్రీకరించిన టిమ్స్ (గణిత, విజ్ఞానశాస్త్ర విద్యను దేశాల మధ్య పోల్చే అంతర్జాతీయ అధ్యయనం) వీడియో అధ్యయనం ఒకే కెమెరాతో సరిపెట్టుకోగా, 1999 నాటి అధ్యయనంలో పిల్లల వైపు రెండో కెమెరా కూడా పెట్టారు. ఆ మార్పు ఎందుకు అవసరమో ఈ పని చేసేవారికి వేరే చెప్పనక్కరలేదు.

అయినా డబ్బు ఒక్కదానికే ఉంటే రెండో కెమెరా కంటే ముందు మైకు కొనమంటాను. ఫోను మైకు ఫ్యాను రొదనూ బెంచీల చప్పుడునూ శ్రద్ధగా పట్టుకుంటుంది. కాలర్ మైకు ఉపాధ్యాయుడి గొంతును తప్ప మరొకరిని పెద్దగా పట్టించుకోదు. బృందకృత్యం జరిగేటప్పుడు ఒక బల్ల మీద చిన్న రికార్డరు ఉంచి, మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు ఆధారంగా శబ్దాన్ని దృశ్యంతో కలుపుకుంటే, పిల్లలు తప్పు జవాబుకు ఏ దారిన చేరుకున్నారో వినవచ్చు.

వీడియోను అందంగా కత్తిరించాలన్న కోరికను మాత్రం అణచుకోవాలి. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశోధనలు చూపాయి. కత్తిరింపులో మొదట పోయేది సరిగ్గా ఆ నిశ్శబ్దమే. తాము ఆగుతున్నామని గట్టిగా నమ్మే ఉపాధ్యాయులు కూడా వీడియోలో సెకన్లు లెక్కపెట్టి చూశాకే తమ తొందరను ఒప్పుకుంటారు. ముందే సాధన చేయించి తీసిన ‘ఆదర్శ పాఠం’లో ఇలాంటివేవీ దొరకవు. అసలు దాన్ని తీయడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తమ పాఠాన్ని తొలిసారి చూసేవారి దృష్టి తమ గొంతు మీదా నిలబడిన తీరు మీదా పోతుంది కనుక, ఆ మొదటి వీక్షణ ఒంటరిగా జరగడం మేలు. బృందంలో అయిదారు నిమిషాల భాగం చాలు. ఏం కనిపించింది, ఏం వినిపించింది అన్నది చెప్పాకే అభిప్రాయం చెప్పాలన్న నియమం లేకపోతే చర్చ పొగడ్తగానో తీర్పుగానో ముగిసిపోతుంది.

తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా ఉండాలి, పిల్లల ఇష్టాన్నీ అడగాలి. ఒప్పుకోనివారిని పాఠానికి దూరం చేయకుండా కెమెరాకు అందని వరుసలో కూర్చోబెట్టవచ్చు. వీడియో ఎవరి సొంత ఫోనులోకీ వెళ్లకూడదు.

ఇంత చేసినా నోటుపుస్తకంలో జరిగేది కెమెరాకు చిక్కదు. అందుకే పాఠం ముగిసిన వెంటనే కొన్ని పుస్తకాల పుటలను, పేర్లు కనిపించకుండా, ఫొటో తీసి వీడియోతో పాటే భద్రపరుస్తున్నాను. చర్చలో చాలాసార్లు వీడియోను ఆపి ఆ పుటలే చూడవలసి వస్తోంది.