రోమన్ కోట అని తేల్చడానికి ఏ ఆధారం మేలు: ఆకారమా, వస్తువులా, కందకం అడుగు మన్నా?

రోమన్ సామ్రాజ్యపు అంచుల్లో ఎక్కడో ఒక పొలంలో కొత్త కోట బయటపడిందన్న వార్త వచ్చినప్పుడల్లా పాఠకులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: అది నిజంగా కోటేనని దేన్ని బట్టి నమ్మాలి? పైనుంచి తీసిన చిత్రంలో కనిపించే ఆకారాన్ని బట్టా, నేలలో దొరికిన నాణేలను, పెంకులను బట్టా, తవ్వి చూసిన కందకాన్ని బట్టా? ఈ ఆధారాలను తూచి చూడడానికి స్కాట్లండ్‌లోని ఈస్టర్ గల్‌కాంట్రే, ఐర్లండ్‌లోని డ్రమనా చక్కగా పనికివస్తాయి. మొదటి చోట ఆకారం ఉంది కానీ వస్తువులు సాక్ష్యం చెప్పవు. రెండో చోట వస్తువులున్నాయి కానీ ఆకారం లేదు.

ఆకారానికి బలం తక్కువేమీ కాదు. రోమన్ సైన్యం తిన్నని భుజాలు, గుండ్రంగా తిరిగిన మూలలు, భుజాల మధ్యలో ద్వారాలు ఉండేలా కోటలు కట్టేది. వాటి కందకాలు పూడిపోయినా, ఎండలు ముదిరిన వేసవిలో ఆ గీత మీద బార్లీ పైరు పచ్చగా, ఏపుగా పెరిగి విమానం నుంచి చూసేవారికి పట్టుబడుతుంది. సిరియా ఎడారిలో పొయ్‌దబార్ అనే ఫ్రెంచ్ మతాచార్యుడు విమానంలో తిరిగి 116 కోటలను గుర్తించి 1934లో ప్రకటించాడు. 2023లో వెలువడిన అధ్యయనం ప్రచ్ఛన్న యుద్ధకాలపు అమెరికా గూఢచారి ఉపగ్రహాల చిత్రాలను పరిశీలించి ఆ ప్రాంతంలో మరో 396 కోటల్లాంటి కట్టడాలను చూపింది. అవి ఉత్తర దక్షిణాలుగా సరిహద్దు వెంట కాక తూర్పు పడమరలుగా పరుచుకుని ఉండడంతో, శత్రువును ఆపే వరుస అన్న పాత ఊహ బలహీనపడింది. ఇంత పెద్ద ప్రశ్నను ఒక్కో గుంత తవ్వుతూ లేవనెత్తడం సాధ్యమయ్యేది కాదు. అయితే చిత్రం కాలాన్ని చెప్పదు, కట్టినవారిని చెప్పదు. నాలుగు పలకల ఆవరణలను ఎన్నో కాలాలవారు, ఎన్నో అవసరాల కోసం కట్టుకున్నారు.

గల్‌కాంట్రే దగ్గర చిక్కు ఇదే. 1984లో పైరు గుర్తులను బట్టి ఇక్కడ కోట ఉందని అనుమానించారు. బారీ జోన్స్ బృందం 1990 వరకు తవ్వకాలు జరిపింది. కందకం కనిపించింది, కాలిన కట్టెలోని కార్బన్‌ను బట్టి లెక్కగట్టిన ఒక రేడియో కార్బన్ తేదీ క్రీ.శ. మొదటి శతాబ్దానికి సరిపోయింది, కానీ వివాదాన్ని తేల్చగల రోమన్ వస్తువు దొరకలేదు. బ్రిటన్‌లో రోమన్ గవర్నరైన అగ్రికొలా సేనలు ఉత్తరాన పెద్ద యుద్ధం చేసింది 83లోనో 84లోనో. రేడియో కార్బన్ ఇచ్చేది మాత్రం దశాబ్దాల తరబడి సాగే కాలవ్యవధి. ఆ వ్యవధిలో అదే కట్టెలను స్థానికులూ కాల్చుకుని ఉండవచ్చు.

ఇక వస్తువులు. డబ్లిన్‌కు ఉత్తరాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన డ్రమనా భూశిరం మీద మొదటి, రెండో శతాబ్దాల రోమన్ వస్తువులు దొరికాయి. దాన్ని బట్టి 1996లో పత్రికలు ఐర్లండ్‌లో రోమన్ కోట అని ప్రకటించాయి. కానీ భూశిరపు మెడను అడ్డంగా కోసే ఆ కందకాలు ఐర్లండ్ ఇనుప యుగపు స్థానిక పద్ధతికి చెందినవి. కనుక రోమన్ బ్రిటన్‌తో వర్తకం నడిపిన రేవుగా చూడడమే సబబు. వర్తకంలో వస్తువులు ఎంత దూరమైనా పోతాయన్నది మనకు కొత్త సంగతి కాదు: నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో రోమన్ వెండి నాణేల నిధి దొరికినంత మాత్రాన అక్కడ రోమన్ పటాలం దిగిందని ఎవరూ అనరు.

అందుకే నా దృష్టిలో నిర్ణయించేది కందకం అడుగు మన్ను. కందకం తవ్విన తొలి ఏళ్లలోనే అడుగున సన్నని ఒండ్రు పేరుకుంటుంది. అందులో చిక్కుకున్న పెంకు, తోలు ముక్క, నాణెం ఆ కందకం వాడుకలో ఉన్న కాలానికి అంటుకుని ఉంటాయి. దానిపైన ఒక్కసారిగా కట్టను కూల్చి పూడ్చిన మట్టి కనిపిస్తే, వదిలి వెళ్లేటప్పుడు సైన్యమే కోటను విప్పేసిందని అర్థమవుతుంది. స్కాట్లండ్‌లోని టే నది ఒడ్డున ఇంచ్‌టుథిల్‌లో జరిగిన తవ్వకాల్లో ఇలాంటి ఆధారమే వెలుగు చూసింది. విప్పేసిన ఆ లీజియన్ (రోమన్ సైన్యపు పెద్ద దళం) కోటలో దాదాపు 9 లక్షల ఇనుప మేకులను గుంతలో పాతిపెట్టారు. అరగని స్థితిలో దొరికిన 86 నాటి నాణేలు దాన్ని వదిలిన కాలాన్ని పట్టిచ్చాయి. అదే నాణెం దున్నిన చాళ్లలో దొరికి ఉంటే ఇంత చెప్పేది కాదు. పొరలో దొరికిన వస్తువు ఆకారాన్ని, కాలాన్ని, మనుషులను ఒక్కచోట ముడివేస్తుంది. ఈ పద్ధతికి ఖర్చు ఎక్కువ, తవ్విన మేర ఆధారం మళ్లీ మిగలదు. అయినా నేను దీని వైపే ఉంటాను.

నేలలోని అయస్కాంత తేడాలను పైనుంచే కొలిచే అయస్కాంత సర్వే ఎక్కడ తవ్వాలో చెబుతుంది, కొన్నిచోట్ల అంతకు మించీ చేస్తుంది. స్కాట్లండ్‌లో రోమన్లు సరిహద్దుగా కట్టిన అంటొనైన్ గోడ వెంట కార్‌లీత్ దగ్గర చిన్న కోటను చూశానని రాబర్ట్ సిబ్బల్డ్ 1707లో రాశాడు. 1970, 80లలో వెతికినవారికి అది దొరకలేదు, 2023లో ప్రకటించిన సర్వేలో తవ్వకుండానే రాతి పునాది బయటపడింది. అక్కడ ఆ మాత్రం ఆధారం చాలడానికి కారణం గోడ పక్కనే ఉండడం. గల్‌కాంట్రేకు అలాంటి ఇరుగుపొరుగు లేదు. శాసనం దొరికితే వాదనే ఉండదు, కానీ కొద్ది కాలమే ఉండి వదిలేసిన మట్టి, కొయ్య కోటల్లో శాసనాలు అరుదు. అగ్రికొలా దండయాత్రలను రాసిన రోమన్ చరిత్రకారుడు టాసిటస్ వర్ణనతో ఒక పొలాన్ని గుర్తించడం కుదరదు.

కాబట్టి డ్రమనాను నేను కోటల జాబితాలో వేయను. గల్‌కాంట్రేను ‘ఉండవచ్చు’ అన్న గడిలోనే ఉంచుతాను. కొద్దికాలం మాత్రమే వాడిన చోట వస్తువులు తక్కువగా దొరకడం సహజమే కనుక దాన్ని కొట్టిపారేయడం తొందరపాటు. కందకాన్ని మరికొన్ని చోట్ల అడ్డంగా కోసి, అడుగు ఒండ్రులో ఒక్క రోమన్ పాత్ర పెంకును చూపగలిగితే చాలు, నేను దాన్ని ఆ గడిలోంచి తీసి కోటల వరుసలో చేరుస్తాను.