బొగ్గుగనుల నడుమ ప్రొమీథియస్: టోనీ హారిసన్ చిత్రంపై సమీక్ష

దేవతల నుంచి నిప్పును దొంగిలించి మనుషులకు ఇచ్చినందుకు ప్రొమీథియస్‌ను దేవతల రాజు జ్యూస్ కొండరాతికి గొలుసులతో బంధింపజేశాడనీ, ఒక గద్ద రోజూ వచ్చి అతని కాలేయాన్ని పొడుచుకు తినేదనీ గ్రీకు పురాణం చెబుతుంది. ఈ కథను ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ బొగ్గుగనుల ప్రాంతానికి తీసుకువచ్చి, లీడ్స్ నగరంలో పుట్టిన కవి టోనీ హారిసన్ స్వయంగా రాసి, దర్శకత్వం వహించిన చిత్రం ‘ప్రొమీథియస్’ 1998లో వచ్చింది. రెండు గంటలకు పైగా సాగే ఈ చిత్రంలో ప్రధాన సంభాషణలు అంత్యప్రాసల పద్యాలలో నడుస్తాయి. పురాణాన్ని వర్తమానానికి జోడించే కళాకృతులు చాలావరకు దానిని అలంకారంగానే వాడుకుంటాయి. ఇక్కడ మాత్రం పురాణాన్ని తీసివేస్తే చిత్రం నిలబడదు. బొగ్గును తవ్వి లోకానికి వెలుగును, వేడిని ఇచ్చిన మనిషికి చివరికి దక్కినది ఏమిటి అన్న ప్రశ్నను ప్రొమీథియస్ శిక్ష ద్వారా తప్ప ఇంత సూటిగా అడగడం సాధ్యం కాదని నాకు అనిపించింది.

నేపథ్యం తెలిస్తే చిత్రం మరింత లోతుగా అర్థమవుతుంది. 1984 మార్చి నుంచి 1985 మార్చి వరకు బ్రిటన్ గని కార్మికులు చేసిన సమ్మె ఓటమితో ముగిసింది. 1992 అక్టోబరులో ప్రభుత్వం ఒకేసారి 31 గనులను మూసివేస్తామని ప్రకటించింది. చిత్రకథ అలా మూతపడుతున్న ఒక గని ఊరిలో మొదలవుతుంది. ఆ ఊరిలోని ఒక ఇంట్లో ప్రొమీథియస్ గురించిన బడిపాఠాన్ని చదువుకుంటున్న పిల్లవాడు, గని పని పోతున్న తండ్రి, తల్లి ఉంటారు. ఊపిరితిత్తులు పాడైపోయి దగ్గుతూ కూడా సిగరెట్టు మానని ముసలి గని కార్మికుడు కూడా ఈ కథలో ఉన్నాడు.

చిత్రానికి ప్రాణం ఆ ముసలివాడికీ, దేవదూత హెర్మెస్‌కూ మధ్య సాగే వాదన. వెండి రంగు మెరుపుతో, నాగరికమైన ఉచ్చారణతో మాట్లాడే హెర్మెస్‌గా మైకేల్ ఫీస్ట్ నటించాడు. పాడుబడిన సినిమా హాలులో కూర్చుని, తెరమీది దేవుడికి తన యార్క్‌షైర్ యాసలో ఎదురుచెప్పే ముసలివాడిగా వాల్టర్ స్పారో నటించాడు. కవిత్వం తమవంటి పెద్దల సొత్తు అనీ, గనిలో పనిచేసేవారి నోట అది పలకదనీ హెర్మెస్ నమ్మకం. ముసలివాడు అదే ఛందస్సులో, అదే ప్రాసలతో, తన యాసను ఏమాత్రం మార్చుకోకుండా బదులిస్తాడు. నిప్పుతోపాటు మాటను కూడా దేవతల నుంచి లాక్కున్నవాడు ఇతడే అన్న భావం ఎవరూ విడమరచి చెప్పకుండానే ప్రేక్షకుడికి అందుతుంది. స్పారో దగ్గుకూ పద్యానికీ ఊపిరి ఒకటే కావడం వల్ల ప్రతి పాదం చివర అది అందుతుందో లేదో అన్న ఆందోళన కలుగుతుంది. ఈ దృశ్యాల కోసమే అయినా చిత్రాన్ని తప్పక చూడాలి.

పని కోల్పోయిన గని కార్మికులను జ్యూస్ సేవకులు కొలిమిలో కరిగించి, ఆ లోహంతో ప్రొమీథియస్ బంగారు విగ్రహాన్ని పోతపోయిస్తారు. ఆ విగ్రహాన్ని లారీపై ఎక్కించి జర్మనీ, పోలాండ్, రొమేనియా, బల్గేరియాల మీదుగా గ్రీసుకు తీసుకువెళతారు. 1945 బాంబుదాడిలో కాలిపోయిన డ్రెస్డెన్, పోలాండ్‌లో ఉక్కు కర్మాగారం కోసం కట్టిన నోవా హుటా, నాజీల మరణశిబిరం ఉన్న ఆష్విట్జ్ ఈ దారిలోనే వస్తాయి. నిప్పు ఇచ్చినవాడిని మనుషులే శపించాలన్నది హెర్మెస్ పథకం. కార్ల్ మార్క్స్ 1841 నాటి తన పరిశోధన గ్రంథపు ముందుమాటలో ప్రొమీథియస్‌ను తత్వశాస్త్ర చరిత్రలోని అత్యున్నత అమరవీరుడిగా కీర్తించాడన్నది గుర్తుంచుకుంటే, ఆ విగ్రహం పాత సోషలిస్టు దేశాల పొగగొట్టాల మధ్య సాగడంలోని విషాదం బోధపడుతుంది. శ్రామికుడిని కీర్తించిన రాజ్యాలు కూడా అతని ఊపిరితిత్తులను కాపాడలేదన్న నిజాన్ని హారిసన్ దాచలేదు.

అయితే ఈ ప్రయాణ భాగం అవసరానికి మించి సాగుతుంది. నరమేధం జరిగిన స్థలం ముందు లారీని ఆపడం నాకు పూర్తిగా సమ్మతం కాలేదు. గని మూతపడటమూ ఆష్విట్జ్ కొలుములూ ఒకే వరుసలో నిలిచినప్పుడు రెండింటి మధ్య ఉన్న అపారమైన తేడా మసకబారుతుంది. అంతకన్నా పెద్ద లోపం తల్లి పాత్ర చిత్రణ. పురాణంలో జ్యూస్ కారణంగా ఆవుగా మారి దేశదేశాలు తిరిగిన ఐయో అనే యువతిని ఆమెలో చూపాలన్న ఆలోచన గొప్పదే. కానీ ముసలివాడికి దక్కిన వాదన ఆమెకు దక్కలేదు, పరుగు మాత్రమే దక్కింది. సమ్మె కాలంలో గని కార్మికుల ఇళ్లలోని స్త్రీలు వంటశాలలు నడిపి, వేదికలెక్కి మాట్లాడి ఉద్యమాన్ని నిలబెట్టారన్న చరిత్ర ఉండగా, ఈ మౌనం బాధ కలిగిస్తుంది.

విగ్రహం చేరే చివరి గమ్యం గ్రీసులోని ఎలెఫ్సీనా. ప్రొమీథియస్ నాటకం ఎవరి పేరున మనకు దక్కిందో ఆ ప్రాచీన గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ పుట్టిన ఊరు అదే. ఇప్పుడు అక్కడ చమురు శుద్ధి కర్మాగారం ఉంది. ఈ ఎంపికలో హారిసన్ చూపు ఎంత నిశితమైనదో తెలుస్తుంది. చిత్రం వచ్చిన తరువాత జరిగినవి దానికి మరింత బరువును ఇచ్చాయి. బ్రిటన్‌లోని చివరి లోతైన బొగ్గుగని కెల్లింగ్లీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ పరిసరాలలోనే ఉన్న ఫెర్రీబ్రిడ్జ్ విద్యుత్ కేంద్రపు కూలింగ్ టవర్లను 2019 నుంచి 2022 మధ్య కూల్చివేశారు. 2024 ఆగస్టులో పాల్వంచలో పాత కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రపు (కేటీపీఎస్) కూలింగ్ టవర్లు నేలకూలడం చూసినవారికి, సింగరేణి ఊళ్లలో పెరిగినవారికి, ఈ చిత్రంలోని ఊరు పరాయిది అనిపించదు.

యార్క్‌షైర్ యాస వినడానికి కష్టంగా ఉంటుంది కనుక, ఫేబర్ సంస్థ 1998లోనే ప్రచురించిన చిత్రపాఠాన్ని దగ్గర పెట్టుకుని చూడటం మంచిది. అందులో నిప్పుకూ కవిత్వానికీ ఉన్న సంబంధంపై హారిసన్ రాసిన పీఠికను మాత్రం చిత్రం చూసిన తరువాతే చదవాలి. ముందే చదివితే తెరమీది వాదన కన్నా కవి వివరణే మనసులో నిలిచిపోతుంది.